ఇరవై ఎర్ర టోపీలు

బౌరంపేట్ వేసవి శిబిరంలో పిల్లలకు శామీర్‌పేట చెరువు చూపించి బస్సులో తిరిగి తెచ్చి పావుగంటయింది. వరండాలో టీచరమ్మ, ఆయమ్మ నిలబడి ఉన్నారు.

“లిఖిత కనిపించట్లేదు ఆయమ్మా.”

“గీడనే ఉంటది మేడమ్. లెక్క వెట్టిండ్రు గద?”

“బస్సు దిగాక రెండుసార్లు పెట్టాను. మనం పిల్లలకిచ్చిన ఎర్ర టోపీలు ఇరవై ఉన్నాయి, సరిపోయాయి. కానీ తను లేదు. ఏమైంది, అలా చూస్తారేం?”

“తిట్టకుండ్రి మేడమ్. గా ఇరవైల ఒకతి నా మన్మరాలు. బడికి సెలవులు, ఇంట్ల ఎవ్వరు లేరు. క్యాంపు నడిపే సారు జూస్తె కొలువు తీస్తడని టోపీ వెట్టి పిల్లలల్ల గూసోవెట్టిన.”

“ఆ టోపీ ఎక్కడిది?”

“పిల్లలు దిగినంక బస్సుల ముందర సీటు మీద దొరికింది. ఎవ్వరో మర్శిపోయిండ్రనుకున్న.”

“వెనక సీట్లు చూశారా?”

“లేదు మేడమ్.”

“బస్సెక్కడ?”

“ఎండల్నే ఉన్నది. డ్రైవర్ తాళమేసుకొని గండిమైసమ్మ కాడికి తిన వోయిండు.”

“అయ్యో, ఫోన్ చేస్తానుండండి.”

“ఫోన్ తర్వాత. ఉరుకుండ్రి మేడమ్, గా రాయి ఇటియ్యుండ్రి!”

బస్సు అద్దం భళ్ళున పగిలింది.

“చప్పుడుకి సారు వస్తున్నారు ఆయమ్మా. మీ మనవరాలి సంగతి నేనేం చెప్పను?”

“ఉన్నదున్నట్టు జెప్పుండ్రి. లోపల పిల్ల ఏడుస్తాంది మేడమ్, ఇగ నాకు గది సాలు.”