వాన సరిగ్గా చెప్పి భయపడిన మునీంద్ర గారికి

1990వ సంవత్సరం జూన్ నెల పద్దెనిమిదవ తేదీ, సోమవారంనాడు శ్రీ మునీంద్ర గారు కర్నూలులోని మా వాతావరణ సలహా కేంద్రంలో పరిశీలకులుగా పదవీ బాధ్యతలు స్వీకరించినారు. ఆనాడు ఆవరణ ఊడ్చి వారికి కుర్చీ వేసినదాన్ని నేనే. పెద్ద చదువులవారు ఇందరుండగా తమ వీడ్కోలు సభకు ఈ నాలుగు మాటలు సుబ్బక్కే రాయాలని వారు పట్టుబట్టినందున, మనుమరాలి చేత అక్షరాలు దిద్దించుకుని రాస్తున్నాను.

తొలినాళ్ళలో వారు ఆలూరులో వానకొలత చూసి తంతి పంపినారు, ఆ తరువాత రేడియోవారికి రైతుల సూచనలు రాసిచ్చినారు, పిమ్మట ఇక్కడే అధికారులైనారు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మిద్దెపైన నిలబడి, వీధిలో ఊయలలూ బీరువాలూ కొట్టుకుపోవడం కళ్ళారా చూసినారు. అప్పటినుంచి మబ్బు కమ్మితే వారి చేతిలో అన్నం ముద్ద అట్లే నిలిచిపోయేది. "ఏం సారూ, ఈ కరువు సీమలో వానకు భయపడేది మీరొక్కరే" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

పోయిన ఏడాది, భూగోళమంతటి వాతావరణాన్ని లెక్కగట్టే కొత్త కంప్యూటరు నమూనా వచ్చింది. మాది నేతగాళ్ళ ఇల్లు గనుక, బల్లమీది గళ్ళ తుండుగుడ్డ పరిచి వారు నాకు వివరించినారు.

"ఇన్నాళ్ళూ భూమిని పన్నెండు కిలోమీటర్ల గళ్ళుగా చూసేటోళ్ళమక్కా. ఒక్క గడిలో ఎన్నో ఊర్లు పడేవి, యాడో ఒకచోట వాన అని చెప్పి బయటపడేటోళ్ళం. ఇప్పుడు గడి ఆరు కిలోమీటర్లే. ఊరి పేరే చెప్పొచ్చు."

"శానా మంచిదే గదా సారూ."

"మంచిదే. పేరు చెప్పినాక ఆ ఊరోళ్ళు ఏం చేస్తారనేది మాత్రం ఈ గళ్ళల్లో లేదు."

ఆ జూన్ మొదట్లోనే వారి మాట నిజమైంది. తుగ్గలి పక్కనున్న మా కూతురు శివలీల మెట్టినూరి పేరు పెట్టి, మధ్యాహ్నం పెద్దవాన, పిడుగులు, ఇండ్లలోనే ఉండండి అని ఫోన్లకు హెచ్చరిక పోయింది. తొలకరి వానకు ఆ ఎర్రనేలల్లో వజ్రాలు బయటపడతాయని జనం చేలల్లో వెతకడం అక్కడి ఆనవాయితీ. హెచ్చరికలో ఆ జనం చదువుకున్నది వాన పడే ఊరి పేరొక్కటే.

కూతురికి ఫోను చేస్తే, "అమ్మా, మీ ఆఫీసు పుణ్యమా అని ఊరు తిరునాళ్ళయింది. డోనోళ్ళు, పత్తికొండోళ్ళు ఆటోల్లో దిగుతాండారు" అని నవ్వింది.

"నువ్వు యాడుండావే?"

"చేన్లోనే. ముందే జాగా పట్టుకోవాల గదా."

ఫోను మునీంద్ర గారికి ఇచ్చినాను. అటువైపు ఉరుము మాకూ వినపడింది.

"ఇంటికి పోమ్మా తల్లీ."

"మీరే గదా సారూ ఈడ పడతాదని చెప్పింది. మేం పోతే మీ ఆఫీసరోళ్ళు ఏరుకోవాలనా?"

వారి ముఖం సున్నమైంది. పొమ్మంటే ఇంకా గట్టిగా పాతుకుంటారని వారికి తెలిసిపోయింది. వెంటనే ఆ ఊరి సర్పంచు సుంకన్నకు ఫోను చేసి, "పిడుగు మాట ఎత్తొద్దప్పా. ఇప్పుడు తొక్కితే రాళ్ళు బురదలో దిగిపోతాయి, ఎండ పడితేనే మెరుస్తాయి, రేపు పొద్దున అందరూ ఒకటేసారి చేన్లో దిగాలని ఊరు కట్టుబాటు చేసింది అని మైకులో చెప్పు" అన్నారు. జనం గొణుక్కుంటానే బడిలోకి చేరినారు. శివలీల చిట్టచివర లోపలికొచ్చింది. అంతలోనే చేనిగట్టు తుమ్మచెట్టు నిలువునా చీలింది; దానికింద ఉన్న కాపరి పెద్దన్న గొర్రెలు చచ్చి పడిపోయినాయి.

ఆ సాయంత్రం అందరం ఊపిరి పీల్చుకుంటే, వారు మాత్రం గోడకు ఆనుకుని, "యంత్రం తప్పు చెప్పలేదక్కా. సరిగ్గా చెప్పినందుకే భయంగా ఉండాది" అన్నారు. నాటినుండి ఏ హెచ్చరికనైనా పంపేముందు డ్రైవరుకో, టీ తెచ్చేవారికో చదివి వినిపించి, "ఇది వింటే మీ ఊరోళ్ళు ఏం చేస్తారప్పా?" అని అడగకుండా పంపినవారు కారు.

రేపో మాపో గళ్ళు ఇంకా చిన్నవవుతాయట, మా చేను గట్టుదాకా చెబుతాయట. వింటేనే నాకు గుండెదడ. ఆ దినం మునీంద్ర గారి గుండెలో భయం లేకుంటే నా బిడ్డ ఏమయ్యుండేదో తలుచుకోలేను. వారు వెళ్ళిపోతే మాకోసం భయపడేది ఎవరని దిగులుపడ్డాను. మొన్న, వారి స్థానానికి వచ్చిన నాగజ్యోతి గారు హెచ్చరిక రాసి, పంపబోయి, వేలు ఆపి నావైపు తిరిగినారు. "అవ్వా, ఇది ఇనండి. ఇంట్లో ఉంటారా, చేన్లోకి పోతారా?" ఆ వేలు ఆగడం చూసి నాకు ధైర్యం వచ్చింది.

కనుక మునీంద్ర గారూ, ఆ భయాన్ని ఇక మాకు అప్పజెప్పి వెళ్ళండి. నిండు ఆరోగ్యంతో, పిల్లాపాపలతో కలకాలం చల్లగా ఉండి, ఆకాశం నల్లగా కమ్మిన మధ్యాహ్నం సైతం కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయే భాగ్యం మీకు కలగాలి. మేలుకుని మబ్బును చూస్తుండటానికి ఈడ మేముండాము.