మర్రిపాడులో లేచిన షామియానా

కేశవ జేబులో లాయరు నోటీసు మూడు రోజులుగా నలుగుతోంది. దుత్తలూరు పెళ్ళిలో అతను కట్టిన షామియానా గుంజ ఊడి, వంటమనిషి ఆదినారాయణ కాలు విరిగింది. ఆరు లక్షలు కట్టాలి, లేకపోతే కోర్టు. కేశవకున్న ఆస్తి ఒక్క ఇల్లు, అమ్మ మేకలు అమ్ముకుని కట్టించింది. ఆమెకింకా ఈ సంగతి చెప్పలేదు.

ఉదయగిరి బస్టాండులో రేణుకాదేవి టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఓబయ్యకు చెప్పుకున్నాడు. ఓబయ్యదీ షామియానా వ్యాపారమే, ఇరవయ్యేళ్ళ అనుభవం. విని నవ్వాడాయన.

"దీనికా అన్నం మానేసినావు? నా మాదిరి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టరా. ఇల్లు వేరు, యాపారం వేరు, మధ్యలో గోడ. మర్రిపాడులో నా షామియానా లేచిన సంగతి నీకు తెల్దా?"

"తెల్దు మామా."

"చిన్న గాలే. రెండు గుంజలు ఊడినాయి, ఒకాయనకి చెయ్యి బెణికింది, అంతే. నేను నాలుగో గుంజ పట్టుకోని నిలబడితే అసలు గాలి అప్పుడొచ్చిందబ్బయా, షామియానాతో పాటు నన్ను గూడా లేపింది. కిందికి చూస్తే నా కాలు పట్టుకోని పెళ్ళికొడుకు, ఆయన కాలు పట్టుకోని పెళ్ళి చేయించే అయ్యవారు, అయ్యవారి పంచె పట్టుకోని సన్నాయాయన. వాయిస్తానే ఉండాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉదయగిరి కోట దాటేసరికి ముహూర్తమైపోతా ఉంటే, తాళి ఆ గాల్లోనే కట్టించినాను."

"మరి పెళ్ళికూతురు?" టీ వడపోస్తూ అడిగింది రేణుకాదేవి.

"పీట మీద ఆమె గూడా లేచింది గదమ్మా. కలిగిరిలో దిగినాము. దోవలో ఎన్ని ఇళ్ళ కప్పులు లేచిపోయినాయో, మూడు మండలాల జనం నా మీద నాలుగొందల కేసులేసినారు."

అందరూ నవ్వారు. కేశవకు నవ్వు రాలేదు.

"ఇల్లు జప్తు చెయ్యలేదా మామా?"

"కోర్టు అమీను వచ్చినాడు. గడప దాటబోతే కాలు లేవలా. ఆరుగురు ఎనకనించి తోసినా కదల్లా. ఎందుకని? ఇల్లు ఓబయ్యది, తప్పు కంపెనీది. జడ్జీగారు కంపెనీని మూడుసార్లు పేరు పెట్టి పిలిపించినారు. దానికి నోరుంటే గదా పలికేదానికి. కడాకి ఆయనే నాకు కుర్చీ ఏసి, ఓబయ్యగారూ, ఈ చట్టం మాకు గూడా చెప్పండి అన్నారు. ఆరు నెల్లు చెప్పినాను."

గాల్లో పెళ్ళిని కేశవ నమ్మలేదు. మధ్యలో గోడ ఉంటుందన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. "రేపే కంపెనీ పెడితే ఈ నోటీసు నించి ఇల్లు తప్పుతాదా?"

"నిక్షేపంగా."

"మామా, ఆ మాట చెప్పబాక." ఆత్మకూరు బస్సు కోసం నిలబడ్డ సుకుమారి అంది. ఓబయ్య మేనకోడలు, ఆత్మకూరులో ఆడిటరు దగ్గర పని చేస్తుంది. "గాల్లో ఎన్ని పెళ్ళిళ్ళన్నా చేసుకో. కేశవన్న నిజమనుకుంటా ఉండాడు. నీ కంపెనీ పుట్టింది ఆ గాలొచ్చిన పదకొండో రోజు. పుట్టకముందు జరిగినదానికి అదెట్టా అడ్డమొస్తాది? ఆ చెయ్యి దెబ్బ తగిలినాయనకి కోర్టు నిన్నే కట్టమనింది. రోడ్డు పక్క స్థలం అమ్మింది అందుకే గదా."



"సగమే అమ్మినాను," అన్నాడు ఓబయ్య గ్లాసులోకి చూస్తూ.

కేశవ జేబులోంచి నోటీసు తీసి ఆమెకు చూపించాడు. "అయితే నాకు దోవ లేదా?"

"కంపెనీ పెట్టన్నా. ఇక మీదట ఒప్పుకునే పెళ్ళిళ్ళకి అది కాపలా. బేరాలు దాని పేరు మీదే రాయి, నీ సొంత పూచీ అని యాడా సంతకం పెట్టబాక. దీనికి మాత్రం నువ్వే జవాబు చెప్పాల. ఆ వంటాయన్ని చూసొచ్చినావా?"

"పోతే తప్పు ఒప్పుకున్నట్టు అవుతాదని..."

"కాలు విరిగింది ఆయనకి గదన్నా."

ఆమె బస్సు వెళ్ళిపోయింది. దుత్తలూరు బస్సు రాగానే కేశవ ఎక్కాడు. ఓబయ్య కూడా ఎక్కి, పక్కన కూర్చున్నాడు. ఇద్దరి టిక్కెట్లూ తనే తీసుకున్నాడు.

ఆదినారాయణ కట్టుకట్టిన కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు. అతని భార్య కేశవను గుర్తుపట్టి, కూర్చోమనలేదు.

"గుంజ లోతుగా పాతలేదన్నా," అన్నాడు కేశవ. "తొందరలో ఉండి చూసుకోలేదు. తప్పు నాదే."

ఆదినారాయణ భార్యకేసి తిరిగి, కేశవకు కుర్చీ వెయ్యమన్నాడు.