బిల్హా పిల్లకి చదివిపెట్టిన నోట్సు

"అమ్మమ్మా, యూనివర్సిటీలో ‘మరిచిపోలేని సంవత్సరం’ అని రాసుకు రమ్మన్నారు. నాకేం తోచట్లేదు. నీకు అలాంటిది ఉందా?"

ఉందే, ఉండకేటి. కూకో ఇలాగ. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నీకు వినబడదు. మా కాలేజీ మొదటి ఏడు. అప్పుడు ఈ హిందీ ఊళ్లోనే రైల్వే క్వార్టర్లో ఉండేవోళ్లం. మా నాన్న, అంటే నీకు ముత్తాత, ఇంజన్ల షెడ్‌లో ఫిట్టరు. కాదు కాదు, అప్పటికింకా ఫిట్టరు అవనేదు, ఖలాసీయే, ఫిట్టర్ల చేతికింద మనిషి. ఆ వరస క్వార్టర్లన్నింట్లోనూ కాలేజీకెళ్లిన ఆడపిల్లని నానొక్కదాన్నే. మా మేనత్తయితే, "ఇది సదివి కలెక్టరీ సేత్తాదేటి" అని మూతి తిప్పీది. మా నాన్న ఒక్కటే అన్నాడు. "ఈ ఏడు పాసయితే వచ్చే ఏడు పంపుతాను. తప్పినావంటే ఇంట్లో కూకోవాలి, మళ్లీ అడక్కు."

అచ్ఛా, చిక్కేటంటే, పదో తరగతి దాకా నాను తెలుగు బడిలో చదివినాను. హిందీ మాటాడ్డం వచ్చు, బజారంతా హిందీయే కదా. రాయడం మట్టుకు నత్తనడక. సారేమో గడగడా చెప్పుకుపోయీవోరు. నానొక లైను రాసీసరికి ఆయన పేజీ తిప్పీసీవోరు. అందుకని ఏటి సేసినానంటే, ఆయన చెప్పిన హిందీనే తెలుగు అచ్చరాల్లో రాసీసుకునీదాన్ని. "రాజా నే కర్ మాఫ్ కియా", అంటే రాజు పన్ను మాఫీ చేసినాడు అని, సాఫ్‌గా మన తెలుగు అచ్చరాల్లో. ఇంటికెళ్లి హిందీలోకి ఎక్కించుకుందాములే అనుకునీదాన్ని. ఎక్కించీదాన్ని కాదు. బద్ధకం, నీ తల్లికీ అదే వచ్చింది.

ఏటి చెప్తన్నాను? ఆఁ, సుఖమతి. నా పక్కన కూకునీది, బిల్హా అని దగ్గరి ఊరి పిల్ల, వరి పొలాలోళ్లు. రోజూ లోకల్ బండిలో వచ్చీది. ఆ లోకలేమో గూడ్సులకి దారిచ్చి ఎక్కడో ఆగిపోయీది. మొదటి గంట హిస్టరీ, పాపం దానికి ఎప్పుడూ పోయీది. నీ కాపీ, అదే నోట్సు పుస్తకం, ఇయ్యవా అని అడిగితే ఇచ్చినాను. తెరిచి చూసి, "ఇవి అచ్చరాలా, జిలేబీలా?" అంది. ఇంకేటి సేత్తాం, మధ్యాహ్నం నాను చదివీదాన్ని, అది హిందీలో రాసుకునీది. కాంటీనులో సమోసా పదిహేను పైసలే, అయినా మాకెందుకు. దాని బియ్యప్పిండి చీలా, మన అట్టులాంటిదే, నాను తినీదాన్ని, మా అమ్మ కట్టిన పులిహోర అది తినీది. ఏడాదంతా అంతే.

పరీచ్చలొచ్చినాయి. హిస్టరీ పేపరు చూస్తే అన్నీ వచ్చినవే. దానికి చదివి చదివి నాకు కంఠతా వచ్చీసినాయి మరి. తల ఎత్తకుండా రాసీసినాను. సగం టైము దాటినాక, అటూ ఇటూ తిరుగుతున్న సారు నా దగ్గర ఆగిపోయినారు. "బేటీ, యే క్యా హై?" అన్నారు, ఇదేటమ్మా అని. చూసుకుంటే ఆరు పేజీలూ తెలుగు అచ్చరాలే. అలవాటు కొద్దీ చెయ్యి అలా పోయింది. ముందు మా నాన్న మొహమే కనబడింది. ఆ సారు తిట్టనేదు. జవాబులు రాసే కొత్త కాపీ ముందర పెట్టి, "రోనా బాద్ మే, పహలే లిఖో" అన్నారు, ఏడుపు తరవాత, ముందు రాయి అని. ఉన్న టైములో రెండు ప్రశ్నలూ, మూడోది సగమూ రాసినాను.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పీసినాను. ఎన్నాళ్లని దాస్తాం. అప్పుడే డ్యూటీ దిగొచ్చి చేతుల నూనె తుడుచుకుంటన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవనేదు. గుమ్మంలో కూకుని, "ఏదీ ఆ నోట్సు, చదువు, ఇంటాను" అన్నాడు. ఆయనకి చదువు రాదు గానీ హిందీ అంతా తెలుసు కదా. ఒక్కో పేజీ చదువుతుంటే కదలకుండా విన్నాడు. అయ్యాక, "ఇదంతా నీకు తెలుసు. తప్పితే తప్పినావు, వచ్చే ఏడూ పంపుతాను" అన్నాడు. అంత పట్టుదల మనిషి, తన మాట తానే ఎనక్కి తీసుకున్నాడు. ఆ మాటకే ఆ ఏడు మరిచిపోనేనమ్మా.

పాసయినాను లే, బొటాబొటీగా. సుఖమతికి మట్టుకు నా కన్నా శానా ఎక్కువొచ్చినాయి, నా నోట్సుతోనే. బిల్హా నుంచి మిఠాయి తెచ్చి మా నాన్న కాళ్లకి దండం పెట్టింది. ఆ రోజు నాకు కాస్త కుళ్లు కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

ఇందాకట్నుంచి ఏటలాగ గీకుతన్నావు? ఏదీ, ఇలాగియ్. ఓలమ్మ, నా మాటలన్నీ హిందీ అచ్చరాల్లో రాసినావేటి? అవును మరి, హిందీ బడిలో చదివినావు, నీకు మన అచ్చరాలు రావు కదా. సిగ్గెందుకే, నవ్వు ఆగలేదంతే. ఒక్క మాటా పోకుండా పట్టుకున్నావు, నీ చెయ్యి చల్లగుండ, వందేళ్లు ఇలాగే రాసుకో తల్లీ. ఇదిగో, తీసుకో. ఇలా గుమ్మం దగ్గర కూకుని మొదట్నుంచీ చదువు, నాను ఇంటాను.