మాస్టారి మాట, మిషను లెక్క

నందిగామలో లెక్కలు చెప్పే పార్థసారథి మాస్టారికి మూడు నెలలుగా కడుపుమంట. ఎనిమిదేళ్లు తనను అడిగి షేర్లు కొన్నవాళ్లంతా ఇప్పుడు ఆయన పాత శిష్యుడు క్రాంతికుమార్ రాసిన మిషన్ లెర్నింగు ప్రోగ్రాము వైపు తిరిగారు. ఉండబట్టలేక ఆదివారం బస్సెక్కి, జగ్గయ్యపేటలో వాడింటికే వచ్చి కూర్చున్నాడు.

“కాఫీ వద్దురా. మా స్కూల్లో లూర్దమ్మ టీచరు దాచుకున్న డబ్బు ఎక్కడ పెట్టించావో చెప్పు.”

“నేను పెట్టించలేదండి. ప్రోగ్రాము ఇచ్చిన జాబితా చూసి ఆవిడే పెట్టుకున్నారు. పదిహేను షేర్లు, కొంచెం బంగారం, కొన్ని బాండ్లు.”

“నన్నడక్కుండా రూపాయి కదిపేది కాదు. ఇప్పుడు ఎదురుపడ్డా తల తిప్పుకుంటోంది.”

“మొహమాటమేమోనండి.”

“మొహమాటమా, నీ మీద మోజా? నువ్వు లెక్కలు నేర్చింది నా దగ్గరేగా. నాకు తెలీంది ఆ డబ్బాకేం తెలుసురా?”

“దానికేం తెలీదండి. పదేళ్ల ధరలూ, కంపెనీల లాభాలూ అన్నీ ఇస్తాం. దేన్ని చూసి నడిస్తే కలిసొచ్చిందో అదే నేర్చుకుంటుంది.”

“ఇంకేమిచ్చావ్?”

“ఇంకా... అవీ ఇవీనండి. మా ఆవిడ బజ్జీలు వేస్తోంది, ఉండండి.”

“మాట మార్చకు. అవీ ఇవీ అంటే?”

“ఫలానా షేరు కొనండి అని సోమవారం సోమవారం మీరు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు కదండి. అవి కూడా ఇచ్చా.”

“నావా? నన్నడక్కుండా?”

“తప్పేనండి.”

“ఎనిమిదేళ్లవీ?”

“ఎనిమిదేళ్లవీనండి.”

“అయితే... అన్నిట్లోకీ దేన్ని ఎక్కువ పట్టించుకుంటోంది? నిజం చెప్పు.”

“ఎందుకులెండి మాస్టారూ.”

“చెప్పరా.”

“మీ మాటనేనండి. ధరలకంటే, లాభాలకంటే మీ మాటనే.”

“అదీ సంగతి. కుళ్లి చస్తున్నా తెలుసా, నీ పేరు వింటే చాలు అన్నం సయించట్లా. తీరా చూస్తే సొమ్మొకడిది సోకొకడిదీనా? రేపు స్టాఫ్‌రూంలో లూర్దమ్మ ముందే చెప్తా, మీ మిషను నడిచేది నా సలహా మీదేనని.”

“వద్దండి. మీ కాళ్లు పట్టుకుంటా, చెప్పొద్దు.”

“ఏం, నీ పరువు పోద్దనా?”

“నాది కాదండి.”

“మరి?”

“లెక్కలో మీ మాట ముందు మైనస్ గుర్తుంది మాస్టారూ. మీరు కొనమన్నదల్లా అది అమ్మేయమంటుంది.”