మొదటి సంతకం

చదువు ముసలితనంలో వచ్చింది. రాత మెల్లగా సాగుతుంది, తప్పులుంటే మన్నించండి. సరిహద్దు అవతలికి వెళ్లే కరెంటు లైను కోసం మా తేనెపెట్టెల మధ్య టవరుకు సర్వే రాయి పాతింది, కరెంటు ఆఫీసులో సర్వేయరుగా ఉన్న నా కూతురే.

"అమ్మా, టవరు వద్దన్న అర్జీలో మొదటి సంతకం నీదేనా?"

"నాదే. వేలిముద్ర చాలన్నారు, నేను ఒప్పుకోలేదు."

"రాయి పాతింది నేనని తెలిసి కూడానా?"

"తెలుసు తల్లీ. అందుకే నీకు అన్నం పెట్టాకే వెళ్లాను."

"నీకు అక్షరాలు నేర్పినందుకు నాకు బాగా బుద్ధి చెప్పావు! నా ఉద్యోగం పోతే?"

"పెట్టెలు చూసుకుందువుగాని. తేనెటీగలకు పొగపెట్టే మీ నాన్న పొగడబ్బా ఇంకా పనిచేస్తోంది."

"రేపటి విచారణకు మా ఆఫీసరుతో నేనూ రావాలి."

"అక్కడ అర్జీ నన్నే చదవమన్నారే. నాది నత్తనడక."

"మెల్లగానే చదువమ్మా. నువ్వు ముగించేదాకా మా ఆఫీసరుని కూడా నోరెత్తనివ్వను."

— తేనెపెట్టెల అవ్వ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ ఆ పెట్టెల పక్కనున్న ఇంట్లోనే ఉంటున్నాను.