పక్క సీట్లో రైల్వేవాడు

పరానా నది రేవు పట్టణంలో ఆదివారం సాయంత్రం. నెలిదా ఫుట్‌బాల్ స్టేడియం నుంచి ఇప్పుడే ఇల్లు చేరింది. ఆమె భర్త రమీరో టీవీలో ఆట చూశాడు, ఆటకంటే ఎక్కువే చూశాడు. గుమ్మంలోనే నిలదీస్తున్నాడు.

“అది కాదు నేనడిగేది. వాడి నోటిమీద నీ చెయ్యెందుకుంది?”

“ఎవడి నోటిమీద?”

“ఎవడేమిటే! నా సీట్లో కూర్చున్నవాడు. ఊరంతా చూసింది.”

“సీజన్ టికెట్ నీదే, ఈ ఒక్క ఆటకి దాన్ని అమ్ముకున్నదీ నువ్వేగా రమీరో. కారుకి టైర్లు కావాలన్నావు.”

“సీటమ్మాను. పెళ్ళాన్ని అమ్మలేదు.”

“కొనేది ఎవరో కనుక్కోవద్దూ?”

“ఫోన్లో కొన్నాడు. నాకేం తెలుసు?”

“రైల్వే జట్టు అభిమానయ్యా.”

“ఏంటీ? బయటి జట్టు అభిమానుల్ని లోపలికే రానివ్వరుగా!”

“మన కండువా కప్పుకొచ్చాడు. మన రేవు జట్టు గోల్ కొడితే లేచి అరిచాడు కూడా. కాకపోతే అందరూ అరిచేశాక అరిచాడు. అక్కడే దొరికిపోయాడు.”

“ఎవరికి?”

“నాకే. వెనక వరసలో మన జట్టు రౌడీలు, చాటోగాడి ముఠా ఉంది. వాళ్ళ కంటబడితే చితక్కొట్టేసేవాళ్ళు. రైల్వేవాళ్ళు గోల్ కొట్టగానే ఇతను నోరు తెరవబోయాడు, నేను మూసేశాను. అంతే.”

“అంతేనా! మరి వాడి భుజంలో మొహం దాచుకున్నదెవరు? అదీ వాడి ప్రాణం కాపాడ్డానికేనా?”

“అది... అదీ చూపించారా?”

“ఒకటికి రెండుసార్లు చూపించాడు ఆ టీవీ ముదనష్టపువాడు! ‘పాపం, రేవు అభిమాని ఏడుస్తోంది’ అన్నాడు. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నాను, ఒక్కసారైనా నా భుజంమీద ఏడ్చావా?”

“లేదు.”

“పేరేంటి వాడిది?”

“ఎల్వియో.”

“ఓహో, పేర్లదాకా వచ్చారన్నమాట. మాతే టీ కూడా తాగారా, ఒకే గొట్టంతో?”

“ఆట అయ్యాక, గేటు బయట. చలేసింది.”

“చలేసిందట! నాకిక్కడ ఒళ్ళు మండిపోతోంది నెలిదా. అసూయే అనుకో. అసూయే! ఏముంది వాడిలో?”

“ఏమీ లేదు. బట్టతల. చెవులు పెద్దవి. కానీ మెల్లిగా నా చెవిలో, ‘మీరు ఏడవట్లేదు కదా సెన్యోరా, నవ్వుతున్నారు కదా’ అన్నాడు.”

“నవ్వడమేంటి? మనమీద గోల్ పడితే నవ్వడమేంటి?”

“మా నాన్న రైల్వే షెడ్డులో పనిచేశాడు, తెలుసుగా.”

“తెలుసు. అయితే?”

“అయితే ఏముంది...”

“ఇటు చూడు. నెలిదా, ఇటు చూడవే. పెళ్ళైన కొత్తలో మా అమ్మ ముందు రేవు జెండాని ముద్దుపెట్టుకున్నావు!”

“మీ అమ్మ కోసం పెట్టుకున్నాను. అప్పట్నుంచీ రైల్వేవాళ్ళు గోల్ కొట్టినప్పుడల్లా నీ పక్కనే తొడ గిల్లుకుంటూ కూర్చున్నాను. నువ్వెప్పుడూ చూడలేదు. అతను ఒక్క ఆటలో పట్టేశాడు.”

“అమ్మో... నాతో అన్నావు సరే, ఇంకెవరితోనూ అనకు. చూడు, ఇక సీటు అమ్మను. ప్రతి ఆటకీ నేనే వస్తాను. తొడ గిల్లుకోనక్కర్లేదు, నా భుజంలోనే నవ్వుకో. వచ్చే ఆదివారం నుంచే.”

“వచ్చే ఆదివారం కుదరదు రమీరో. రైల్వేవాళ్ళ స్టేడియంలో ఆట ఉంది. ఎల్వియో భార్య అతని పక్క సీటు అమ్మకానికి పెట్టింది, నేను కొనేశాను.”