ఈసారి బోర్డు మీద రాసింది నిజం

ఎస్సై గారూ, ముందు ఒక మాట దిద్దుకోండి. ఇందాక మీరు రైటర్ చేత "విషం పెట్టి" అని రాయించారు. అది విషం కాదు, కాల్చిన సున్నం. గేదెకి తేడా తెలియలేదు, నిజమే. కాగితానికైనా తెలియాలి.

నా పేరు బంటుపల్లి కృపావతి. వయసు డెబ్భై ఒకటి. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఉండేది సీతమ్మధార. ఆనందపురం దాటాక కొండవాలులో నాకు మూడెకరాల పచ్చిక, నాలుగు ఆవులు ఉన్నాయి. వాటిని చూసేది మా అల్లుడు యోహాన్. నిన్న సాయంత్రం నుంచి మీ వరండా బెంచీ మీద కూర్చున్నది అతనే.

ఆ నేల పులిసిపోయింది. మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ 4.9 వచ్చింది. ఏ విత్తనం జల్లినా గడ్డి పసుపుబారి ఎదగకుండా ఆగిపోతోంది. సున్నం వేస్తే ఆ పులుపు విరుగుతుంది. వేయాల్సింది సున్నపురాయి పొడి. అది పశువుకి హాని చెయ్యదు. పెందుర్తి దుకాణంలో అది లేదు, పది రోజులు ఆగమన్నారు. వానలు వచ్చేస్తున్నాయని నేను ఆగలేదు. రొయ్యల చెరువుల్లో వేసే కాల్చిన సున్నం పది బస్తాలు తెచ్చాను. తడి తగిలితే అది కాలుస్తుంది. నాకు తెలుసు. ఆ పాఠం ముప్పై మూడేళ్ళు చెప్పాను.

సోమవారం పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి చల్లడం ముగించాం. మిగిలిన అర బస్తా గట్టు పక్కన కుప్ప పోసి ఉంచాం. మా ఆవుల్ని కొట్టంలో కట్టేశాం. గేటుకి బోర్డు కట్టాం: "మందు చల్లాం. మేపితే పశువు చస్తుంది."

ఆ బోర్డు కొత్తది కాదు. మూడేళ్ళుగా ఏటా కడుతున్నాను, ఏ మందూ చల్లకుండానే. పక్క పొలం గురునాథరావు గేదెలు మా గడ్డి మేయకుండా. ఆ చుట్టుపక్కల అందరూ కడతారు. నా బోర్డులో అక్షరదోషాలుండవు, అంతే తేడా.

"అత్తయ్యా, నానోపాలి ఎల్లి గురునాథరావు బావకి సెప్పొస్తాను, ఈసారి నిజమని" అన్నాడు యోహాన్.

"అతనికి చదువొచ్చు. చదువుకుంటాడు" అన్నాను.

యోహాన్ మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను.

ఆ సాయంత్రం నాలుగింటికి గురునాథరావు గేదె ఒకటి కంచె దాటి వచ్చి సున్నం కుప్ప నాకింది. యోహాన్ పరుగెత్తి, వట్టి చేతులతో దాని మూతి తుడిచాడు, బకెట్లతో నీళ్ళు కొట్టాడు. మీరు సాక్ష్యం అంటున్న ఆ చేతుల మీది తెలుపు అప్పటిది. బొబ్బలూ అప్పటివే. అవి మీరు రాసుకోలేదు. మంగళవారం పదకొండింటికి గేదె చచ్చిపోయింది.

గురునాథరావు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "బోర్డు నాను సదివాను టీచరమ్మా. ఏటేటా సదువుతన్నాను" అన్నాడు. తర్వాత వచ్చి మీ దగ్గర యోహాన్ పేరు రాయించాడు. పోయిన నెల యోహాన్ అతని గేదెల్ని మా గడ్డిలోంచి తోలేసిన దగ్గర ఇద్దరికీ మాటామాటా అయింది, అందుకు.

సున్నం కొన్నది నేను. కుప్ప అక్కడే ఉండనీ అన్నది నేను. వెళ్ళొద్దన్నది నేను. యోహాన్ చెబుతానన్నాడు. ఆ మాట రెండుసార్లు రాయండి. రెండుసార్లు అడిగాడు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. రెండు తప్పులు దిద్దాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే చెప్పాను.

(సంతకం) బి. కృపావతి
బుధవారం, మధ్యాహ్నం 2.40

సంతకం కింద ఇదీ రాయండి. చచ్చిన గేదెకి ఇరవై రోజుల దూడ ఉంది. సాయంత్రం ఆరింటికి కానిస్టేబుల్‌ని మా కొట్టానికి పంపండి. యోహాన్ చేతులు కాలాయి కనుక పాలు నేనే పితుకుతాను. క్యానులో రెండు లీటర్లు పోసి ఉంచుతాను. చల్లారకముందే గురునాథరావు భార్య రామలక్ష్మమ్మ చేతికివ్వాలి. ఎవరు పంపారంటే డెయిరీ వాళ్ళని చెప్పమనండి. నా పేరు చెబితే దూడకి పట్టరు.